మొక్కజొన్నలో బ్యాక్టీరియా కల్చర్ వేస్తే యూరియా ఎంత తగ్గించొచ్చు?

మీరు అడిగినవి ముఖ్యంగా మూడు. అజోస్పైరిల్లం అనే బ్యాక్టీరియా లాంటివి ఉన్న కల్చర్ వేస్తే మొక్కజొన్నకి యూరియా సగానికి తగ్గించొచ్చా అనేది ఒకటి. కల్చర్, యూరియా దగ్గర దగ్గరగా వేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతాయా అనేది రెండోది. మూడోది, పక్క చేను ఆయన యూరియా పావు వంతు తగ్గించి కల్చర్ వేశాడు, దిగుబడి ఏం తగ్గలేదు, కాబట్టి కల్చర్ పని చేసినట్టే కదా అని. నేను ఈ మూడోదాంతోనే మొదలుపెడతా, అసలు మెలిక అంతా అక్కడే ఉంది, ఇది అర్థమైతే మిగతా రెండూ సగం తేలిపోతాయి.

పని చేసినట్టు కాదు. అలాగని పని చేయనట్టూ కాదు. ఆయన చేసినదాన్ని బట్టి ఏమీ చెప్పలేం, అంతే. ఎందుకంటే ఆయన ఒకేసారి రెండు మార్చాడు, యూరియా తగ్గించాడు, కల్చర్ పెట్టాడు. యూరియా పావు వంతు తగ్గించి కల్చర్ వేయకుండా ఒక నాలుగు సాళ్ళు వదిలి ఉంటే అప్పుడు తెలిసేది. ఆ సాళ్ళు కూడా అంతే పండి ఉంటే దానర్థం కల్చర్ ఏం చేయలేదని, ఆ చేలో మొదట్నుంచీ యూరియా ఎక్కువే పడుతోందని. ఇది చాలా చేలల్లో ఉండే సంగతే. నత్రజనికి దిగుబడి స్పందన ఎలా ఉంటుందంటే హెక్టారుకి మొదటి 40, 50 కిలోలకి గట్టిగా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఒక చోటికొచ్చాక ఇంకా ఎంత పోసినా దాదాపు అక్కడే ఉంటుంది. మీరు ఆ పైన చదునుగా ఉన్న భాగంలో ఉన్నంతసేపూ పావు వంతు తగ్గించినా ఏం కాదు, కల్చర్ వేసినా వేయకపోయినా ఏం కాదు. కల్చర్ అమ్మే వాళ్ళు ఇచ్చే "75 శాతం ఎరువు ప్లస్ మా ప్రొడక్ట్ ఈజ్ ఈక్వల్ టు 100 శాతం ఎరువు" అనే లెక్కల్లో చాలావాటికి ఉన్న లోపం ఇదే, 75 శాతం ఒక్కటే వేసిన మడి అందులో కనబడదు. నన్నడిగితే ఆ మడి చూపించని ట్రయల్ రిజల్ట్ ని పక్కన పెట్టేయండి, బ్రోషర్ ఎంత బాగున్నా సరే.

ఇప్పుడు ఈ బ్యాక్టీరియా నిజంగా చేసే పనేంటో చూద్దాం, ఇక్కడ ఒక పెద్ద అపోహ ఉంది. సోయా, పెసర, వేరుశనగ లాంటి పప్పుజాతి పంటల్లో రైజోబియం జాతి బ్యాక్టీరియా వేర్ల మీద బుడిపెలు కట్టి లోపల కూర్చుంటాయి, మొక్క వాటికి తిండి నేరుగా అందిస్తుంది, ఆక్సిజన్ కూడా కావాల్సినంతే లోపలికి రానిస్తుంది, బదులుగా నత్రజని తీసుకుంటుంది. ఆ ఏర్పాటు వల్లే సోయాకి యూరియా లేకుండానే గడిచిపోతుంది. మొక్కజొన్నకి ఆ బుడిపెలు రావు. రైజోబియం ప్యాకెట్ తెచ్చి మొక్కజొన్న విత్తనానికి పట్టించినా నత్రజని రాదు. మొక్కజొన్నకి ఇచ్చే అజోస్పైరిల్లం, అజోటోబాక్టర్ లాంటివి వేరు పైన, వేరు చుట్టూ ఉన్న మట్టిలో, కొన్ని వేరు పై పొరల్లోకి దూరి బతుకుతాయి. అక్కడ వాటికి దొరికే తిండి వేర్లు బయటికి వదిలే చక్కెరలు, ఆమ్లాలు మాత్రమే, అది కూడా పక్కనున్న కోట్లాది వేరే సూక్ష్మజీవులతో పోటీపడి తెచ్చుకోవాలి. గ్రాము మట్టిలో బ్యాక్టీరియా పది కోట్ల నుంచి వంద కోట్ల దాకా ఉంటాయి, మీరు విత్తనానికి పట్టించేది గింజకి ఏ లక్షో పది లక్షలో.

గాలిలో నత్రజని 78 శాతం ఉంది కదా, దాన్ని పట్టుకోవడానికి ఏముంది అనుకుంటాం. దాన్ని విడగొట్టడం చాలా ఖరీదైన పని. నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఒక్క నత్రజని అణువుని అమ్మోనియాగా మార్చడానికి కనీసం 16 ఏటీపీలు (కణం శక్తి కోసం వాడే అణువులు) ఖర్చు పెడుతుంది, పైగా ఆక్సిజన్ తగిలితే ఆ ఎంజైమ్ పాడైపోతుంది. అజోటోబాక్టర్ గ్రాము చక్కెర తిని పట్టే నత్రజని 10, 15 మిల్లీగ్రాములు. ఈ ఒక్క అంకె పట్టుకుని లెక్క వేయండి. హెక్టారుకి 20 కిలోల నత్రజని రావాలంటే దాదాపు 1.3 నుంచి రెండు టన్నుల దాకా చక్కెర కావాలి, అదీ వేర్ల దగ్గర, అదీ కేవలం ఈ బ్యాక్టీరియాకే. వేర్లు వదిలేదాంట్లో వీటి వాటా ఎంతని? అజోస్పైరిల్లం వేరుకి అంటుకుని, ఆక్సిజన్ తక్కువున్న చోట పని చేస్తుంది కాబట్టి కాస్త పొదుపుగా ఖర్చు పెడుతుంది, అయినా లెక్క మరీ మారిపోదు. అందుకే ఇలా విడిగా బతికే బ్యాక్టీరియా వల్ల వచ్చే నత్రజని మామూలు పొలంలో సీజన్ కి హెక్టారుకి ఏ కొన్ని కిలోలో, అన్నీ కలిసొస్తే 20 లోపో ఉంటుంది. ఆరు టన్నుల గింజ పండించే మొక్కజొన్న మొత్తం లాగేది దగ్గర దగ్గర 120, 130 కిలోలు, అందులో గింజతో పాటు పొలం దాటి పోయేదే 80 దాకా. సగం యూరియా మానేసి ఆ లోటు బ్యాక్టీరియా పూడుస్తుందంటే ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడండి, కుదరదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చుట్టూ అమ్మోనియం రూపంలో నత్రజని బాగా దొరుకుతున్నప్పుడు ఈ బ్యాక్టీరియా నైట్రోజినేజ్ ని తయారు చేయడం ఆపేస్తాయి. రెడీగా దొరికేదాన్ని వదిలేసి అంత ఖర్చు పెట్టి గాల్లోంచి ఎవరు తెస్తారు చెప్పండి. కాబట్టి యూరియా గట్టిగా వేసిన రోజుల్లో అవి బతికే ఉంటాయి, తింటూ ఉంటాయి, కానీ నత్రజని పట్టవు. మీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇదే, యూరియా పొలం మొత్తంలో బ్యాక్టీరియాని చంపేయదు, పని మాన్పిస్తుంది. చంపేది ఎక్కడంటే గుళిక పక్కన, దానికి తర్వాత వస్తా.

ఈ స్విచ్ ని తీసేయాలనే అమెరికాలో జన్యువుల్ని ఎడిట్ చేసిన క్లెబ్సియెల్లా వేరికోలా అనే బ్యాక్టీరియాని మొక్కజొన్న కోసం 2019 నుంచి అమ్ముతున్నారు, అమ్మోనియం ఉన్నా కూడా పట్టడం ఆపకుండా ఉండేలా. ఆలోచన చాలా బాగుంది. పొలంలో మాత్రం ఇంకా గట్టిగా నమ్మేంత లేదనేది నా అభిప్రాయం. అక్కడి ఉత్తర మధ్య రాష్ట్రాల యూనివర్సిటీలు కలిసి పది రాష్ట్రాల్లో ఇలాంటి నత్రజని బ్యాక్టీరియా ప్రొడక్టులు కొన్నిటిని 61 ట్రయల్స్ లో పరీక్షించి 2023లో రిజల్ట్స్ బయటపెట్టాయి, దిగుబడి పెరిగింది వాటిలో రెండు చోట్లే. కంపెనీల సొంత ట్రయల్స్ లో అంకెలు ఇంతకంటే చాలా బాగుంటాయి, ఎందుకో మీకే తెలుసు.

అయితే మరి ఇదంతా దండగేనా అంటే కాదు, ఇక్కడే బ్రెజిల్ సంగతి చెప్పుకోవాలి. అజోస్పైరిల్లం మీద 1970లలో అక్కడ యోహన్నా డోబెరైనర్ మొదలుపెట్టిన పనిని ఎంబ్రాపా అనే వాళ్ళ జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో మరియాంజెలా హుంగ్రియా ముందుకు తీసుకెళ్ళారు, ఆవిడకి 2025లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ కూడా వచ్చింది. అజోస్పైరిల్లం బ్రెసిలెన్స్ లో ఏబీ-వీ5, ఏబీ-వీ6 అనే రెండు స్ట్రెయిన్లని (ఉపరకాలని) ఎన్నో ఏళ్ళు చాలా చోట్ల పొలాల్లో పరీక్షించి, 2010 ప్రాంతం నుంచి రైతులకి ఇస్తున్నారు. వాళ్ళు చెప్పేది మొక్కజొన్నలో పైపాటుగా, అంటే పైరు పెరిగేటప్పుడు వేసే నత్రజనిలో పావు వంతు తగ్గించొచ్చని. గమనించండి, మొత్తం ఎరువులో సగం అనలేదు, పైపాటులో పావు అన్నారు. విత్తేటప్పుడు వేసేదాన్ని ముట్టుకోమని చెప్పలేదు. మొదట్లో తక్కువ ఎరువు వేసిన ట్రయల్స్ లో దిగుబడి పావు వంతు దాకా పెరిగినట్టు వచ్చింది గానీ తర్వాత చాలా ట్రయల్స్ కలిపి చూస్తే సగటు పెరుగుదల పది శాతం లోపే.

ఆ పావు వంతు కూడా గాల్లోంచి పట్టిన నత్రజని వల్లే అనుకుంటే పొరపాటు. అజోస్పైరిల్లం చేసే అసలు ఉపకారం వేరే ఉంది. అది ఆక్సిన్ అనే హార్మోన్ తయారుచేసి వదులుతుంది, దాంతో పక్కవేర్లు, వేరు నూగు ఎక్కువొస్తాయి. మొలిచిన రెండు వారాలకి కల్చర్ పట్టించిన మొక్కని, పట్టించని మొక్కని పక్కపక్కనే జాగ్రత్తగా పెళ్ళగించి నీళ్ళ బకెట్లో ముంచి మట్టి కడిగి చూడండి, పనిచేసిన చోట తేడా కంటికి కనబడుతుంది, పట్టించినదాని వేర్లకి మట్టి ఒక తొడుగులా అంటుకుని ఉంటుంది, కడిగినా తొందరగా వదలదు, సన్న వేర్లు ఒత్తుగా ఉంటాయి. వేరు ఎక్కువుంటే మీరు వేసిన యూరియాలోంచే ఎక్కువ లాగుతుంది. మొక్కజొన్నలో వేసిన నత్రజనిలో మొక్కకి చేరేది చాలా చోట్ల సగం కూడా ఉండదు, మిగతాది అమ్మోనియాగా గాలికి పోతుంది, నైట్రేట్ గా నీళ్ళతో కిందికి దిగుతుంది, నీళ్ళు నిలిస్తే మళ్ళీ గ్యాస్ గా మారి పోతుంది, కొంత మట్టిలో ఇరుక్కుంటుంది. బ్యాక్టీరియా ఈ వృథాని కాస్త తగ్గిస్తుంది. కాబట్టి దీన్ని యూరియాకి బదులుగా చూడకండి, వేసిన యూరియా ఇంకాస్త బాగా అందేలా చేసేదిగా చూడండి. ఇలా చూస్తే ఎక్కడ పని చేస్తుంది, ఎక్కడ చేయదు అనేది కూడా ముందే కొంత ఊహించొచ్చు. తేలిక నేల, సేంద్రియ పదార్థం తక్కువ, మధ్యలో ఒక ఎండు దెబ్బ తగిలే చోటు, అక్కడ వేరు పెరిగితే లాభం ఎక్కువ. పశువుల ఎరువు బాగా పడి, పప్పుజాతి పంట తర్వాత వేసిన బలమైన నేలలో, పైన పూర్తి మోతాదు యూరియా వేసి, దాని మీద కల్చర్ వేస్తే తేడా కనబడదు, కనబడలేదని తిట్టుకోవడమూ అనవసరం.

మొక్కజొన్న తన నత్రజని తనే పట్టుకునే సందర్భం లోకంలో లేకపోలేదు. మెక్సికోలో ఓహాకా రాష్ట్రంలో సియెర్రా మిహె కొండల్లో ఒక నాటు రకం ఉంది, కణుపుల దగ్గర నేలకి తగలని లావు గాలి వేర్లు వస్తాయి, వానకి అవి జెల్లీ లాంటి చిక్కటి జిగురు కారుస్తాయి, ఆ జిగురు నిండా చక్కెర, లోపల ఆక్సిజన్ తక్కువ, నత్రజని పట్టే బ్యాక్టీరియాకి అంతకంటే ఏం కావాలి. 2018లో వచ్చిన పరిశోధనలో ఆ రకం తనకి కావాల్సిన నత్రజనిలో 29 నుంచి 82 శాతం దాకా గాలి నుంచే తెచ్చుకుంటోందని తేలింది. కానీ అది చాలా పొడుగ్గా పెరిగే, కోతకి చాలా నెలలు పట్టే రకం, మనం వేసే హైబ్రిడ్లలో ఆ లక్షణం లేదు. ఇది ఎందుకు చెప్పానంటే, చక్కెర ఇచ్చే ఏర్పాటు, ఆక్సిజన్ ని ఆపే ఏర్పాటు రెండూ ఉంటేనే పెద్ద మొత్తంలో వస్తుందని చూపించడానికి. మామూలు హైబ్రిడ్ వేరుకి ఆ రెండూ లేవు, కల్చర్ ఎంత మంచిదైనా.

సరే, చేతల్లోకి వద్దాం. మీరు హెక్టారుకి 120 కిలోల నత్రజని వేస్తున్నారనుకుందాం. మొదటి సంవత్సరం పొలం మొత్తానికి తగ్గించకండి. ఒక భాగంలో తగ్గించాలన్నా విత్తేటప్పుడు వేసేది, మోకాలెత్తు దశలో వేసేది అలాగే ఉంచి, జల్లు (మగపూత) రాబోయే ముందు వేసే ఆఖరి విడతలో కోయండి, మొత్తం మీద 20, 25 శాతం మించకుండా. 30 కిలోల నత్రజని అంటే 65 కిలోల యూరియా. ఆఖరి విడతలోనే ఎందుకంటే, మొక్కజొన్న ఆరాకుల దశ దాకా తీసుకునేది మొత్తంలో పదో వంతు కూడా ఉండదు గానీ ఎన్ని వరసల కంకి పెట్టుకోవాలనే నిర్ణయం ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది, అప్పుడు ఆకలి పడితే తర్వాత ఎంత పోసినా తిరిగి రాదు. ఎనిమిది ఆకుల నుంచి పీచు వచ్చేదాకా గబగబా లాగుతుంది, మొత్తంలో మూడింట రెండొంతులు పీచు దశకే లోపలికి వెళ్ళిపోతుంది. ఆఖరి విడత ముందు మీరు పైరుని చూసి నిర్ణయం తీసుకునే అవకాశం కూడా ఉంటుంది. కింది ఆకుల్లో కొస నుంచి నడి ఈనె వెంబడి లోపలికి వీ ఆకారంలో పసుపు పాకుతుంటే అది నత్రజని ఆకలి, అప్పుడు కల్చర్ వేశాం కదా అని మొహమాటపడొద్దు, ఆ రోజే యూరియా వేసేయండి. అదే పసుపు ఆకు అంచుల వెంబడి వస్తే అది పొటాష్, దానికి యూరియా పోసి లాభం లేదు.

ఇంకో మాట. కల్చర్ వేసిన పైరు మొదటి నెలలో పచ్చగా, ఏపుగా కనబడితే జనం అప్పుడే గెలిచేశాం అనుకుంటారు. ఆ పచ్చదనం చాలాసార్లు కంకి దగ్గరికి వచ్చేసరికి సమానమైపోతుంది. ఫోటోలు చూసి నిర్ణయాలు తీసుకోకండి, కాటా చూసి తీసుకోండి.

విత్తనానికి పట్టించే విషయంలో ఎక్కువమంది దెబ్బతినేది ఎక్కడంటే, హైబ్రిడ్ గింజ ప్యాకెట్ లోంచి వచ్చేటప్పటికే గులాబీ రంగో ఎరుపో పచ్చో పూసుకుని వస్తుంది కదా, అది శిలీంధ్రనాశిని, పురుగుమందు కలిపిన పూత. థైరామ్, క్యాప్టాన్ లాంటివి బ్యాక్టీరియాకి కూడా పడవు. దాని మీద కల్చర్ పట్టించి, ఎండలో ఆరబెట్టి, రేపు విత్తుదాంలే అని బస్తాలో కట్టిపెడితే తెల్లారేసరికి మిగిలేవి చాలా కొన్ని. పూత ఉన్న గింజైతే విత్తనానికి పట్టించడం మానేసి సాలులో వేయడమే నయం, లిక్విడ్ కల్చర్ ని నీళ్ళలో కలిపి విత్తేటప్పుడే గింజ పక్కన పడేలా, డోసు గింజకి పట్టించేదానికి రెండు మూడు రెట్లు. డ్రిప్ ఉంటే మొలిచిన వారానికి డ్రిప్ లో వదలొచ్చు. పూత లేని గింజైతే సుఖం, నీడలో పట్టా మీద పోసి, కల్చర్ లో కొద్దిగా చక్కెర నీళ్ళు జిగురు కోసం కలిపి, చేత్తో మెత్తగా దొర్లించి (గట్టిగా రుద్దితే తొక్క లేస్తుంది, మొలక దెబ్బతింటుంది), ఒక అరగంట గాలికి ఆరనిచ్చి వెంటనే విత్తేయాలి. గింజలు ఒకదానికొకటి అంటుకోకుండా వేళ్ళ మధ్యలోంచి జారితే చాలు, తడి కొద్దిగా ఉన్నా పర్వాలేదు. ఇంట్లోనే శుద్ధి చేస్తుంటే ముందు శిలీంధ్రనాశిని, తర్వాత పురుగుమందు, అన్నిటికంటే చివర్లో బ్యాక్టీరియా, ఈ వరస తిప్పొద్దు. కలిపే నీళ్ళు క్లోరిన్ వేసిన కుళాయి నీళ్ళైతే ముందు రోజే పట్టి మూత లేకుండా ఉంచండి, బోరు నీళ్ళైతే ఆ బాధ లేదు.

యూరియాతో దూరం సంగతి. యూరియా గుళిక తడి మట్టిలో కరిగేటప్పుడు దాని చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మేర పీహెచ్ బాగా పైకి పోతుంది (మట్టి క్షారంగా మారుతుంది), అమ్మోనియా వాయువు లేస్తుంది, ఉప్పు గాఢత పెరుగుతుంది. అక్కడ ఉన్న బ్యాక్టీరియాకి కష్టమే, గింజకే కష్టం. కాబట్టి యూరియాని, కల్చర్ ని ఒక బకెట్లో కలపడం, ఒకే గొట్టంలోంచి వదలడం చేయకండి. ఎరువు గింజకి ఐదు సెంటీమీటర్లు పక్కన, ఐదు సెంటీమీటర్లు కింద పడితే, కల్చర్ గింజ దగ్గర పడితే, రెండూ ఒకే రోజు వేసినా గొడవేం లేదు. చేత్తో వెదజల్లే చోట అంత కచ్చితంగా కుదరదు కాబట్టి ఒక వారం గ్యాప్ పెట్టుకోండి, ముందు కల్చర్, తర్వాత యూరియా. పశువుల ఎరువులో కలిపి వేసేవాళ్ళు బాగా మగ్గిన ఎరువే వాడాలి, పచ్చి పేడ లోపల వేడెక్కుతుంది, దాంట్లో కల్చర్ కలపడం అంటే ఉడకబెట్టడమే. సాయంత్రం పూట, నేలలో పదును ఉన్నప్పుడు వేసి మట్టి కప్పేయండి, దుమ్ము లేచే నేలలో మాత్రం వేయొద్దు.

బాటిల్ మీద చూడాల్సినవి: ఏ బ్యాక్టీరియా అనేది పూర్తి పేరుతో ఉందా, స్ట్రెయిన్ నంబర్ ఉందా, మిల్లీలీటరుకి ఎన్ని సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) అని రాశారా, అవి ఎక్స్‌పైరీ తేదీ దాకా ఉంటాయని రాశారా లేక తయారైన రోజు లెక్కా. లిక్విడ్ లో మిల్లీలీటరుకి కనీసం పది కోట్లు ఉండాలి. "12 రకాల మేలు చేసే సూక్ష్మజీవులు" అని మాత్రమే రాసి పేర్లు లేని దాన్ని నేనైతే కొనను, ఒకే బాటిల్లో పన్నెండు రకాలు నెలల తరబడి కొట్టుకోకుండా కలిసి బతకడం అంత తేలిక కాదు. ఎక్కడ పెట్టి అమ్ముతున్నారో కూడా చూడండి, రేకుల షెడ్డులో 40 డిగ్రీల వేడిలో రెండు నెలలున్న బాటిల్, లేబుల్ మీద ఏమున్నా, దాదాపు వట్టి నీళ్ళే. కల్చర్ పని చేయలేదన్న కంప్లైంట్లలో ఎన్ని ఇలాంటివో.

ఇక పరీక్ష. ఇది చేయకుండా యూరియా తగ్గించడం అంటే గుడ్డిగా పోవడమే. పొలంలో ఒకే రకం నేల ఉన్న చోట నాలుగు పట్టీలు పెట్టండి, ఒక్కోటి కనీసం ఆరు సాళ్ళు: పూర్తి నత్రజని, పూర్తి నత్రజని మీద కల్చర్, ముప్పాతిక నత్రజని, ముప్పాతిక మీద కల్చర్. ఈ నాలుగింటినీ మూడు చోట్ల మళ్ళీ మళ్ళీ పెట్టండి, ప్రతిసారీ వరస మార్చి, లేకపోతే ఒక పక్క నేల బాగుండటం వల్ల వచ్చిన తేడాని కల్చర్ ఖాతాలో రాసేస్తాం. వీలైతే ఒక మూల అసలు నత్రజని వేయని చిన్న మడి కూడా ఉంచండి, మీ నేల సొంతంగా ఎంత పెడుతోందో అది ఒక్కటే చెప్తుంది. కోతప్పుడు ప్రతి పట్టీలో నడి రెండు సాళ్ళు మాత్రం ఒకే పొడవు కొలిచి విడిగా కోసి తూకం వేయండి, అంచు సాళ్ళు పక్క పట్టీ ఎరువు కూడా లాగుతాయి. తేమ సరిచేయడం మరిచిపోకండి, నత్రజని తక్కువైన పైరు ముందే ఎండుతుంది కాబట్టి పచ్చి తూకంలో తేడా మోసం చేస్తుంది. తూకాన్ని వందలోంచి తేమ తీసేసిన అంకెతో గుణించి 86తో భాగిస్తే 14 శాతం తేమ దగ్గరి తూకం వస్తుంది. 20 శాతం తేమతో 500 కిలోలు తూగితే అది 465 కిలోల కిందే లెక్క.

తర్వాత చూడాల్సింది ముప్పాతికకీ, ముప్పాతిక ప్లస్ కల్చర్ కీ మధ్య తేడా. అక్కడ మూడు చోట్లా కల్చర్ దే పైచేయి అయితే మీ నేలలో అది పని చేస్తోంది, వచ్చే సీజన్ నుంచి ధైర్యంగా తగ్గించుకోండి. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ వస్తే ఇంకో సీజన్ చూడాలి. ముప్పాతిక ఒక్కటే పూర్తి నత్రజనితో సమానంగా పండితే మీకు ఇంకా మంచి వార్త, కల్చర్ కొనకుండానే యూరియా తగ్గించొచ్చు, పక్క చేను ఆయన పొలంలో జరిగింది ఇదే అయ్యుండొచ్చని నా అనుమానం.

నత్రజని ఎక్కువైందా తక్కువైందా అని తేల్చడానికి ఇంకో మంచి పద్ధతి కాండంలో నైట్రేట్ పరీక్ష. గింజ అడుగున నల్ల పొర పడ్డాక (గింజ పక్వానికి వచ్చిందనడానికి గుర్తు) ఒకటి నుంచి మూడు వారాల మధ్యలో, నేల నుంచి 15 సెంటీమీటర్ల పైన మొదలుపెట్టి 20 సెంటీమీటర్ల ముక్క కోసి, ఒక్కో పట్టీ నుంచి ఓ పదిహేను ముక్కలు తీసి, ఆకు తొడుగులు ఒలిచేసి, కాగితం సంచిలో ల్యాబ్ కి పంపాలి (ప్లాస్టిక్ లో పెడితే బూజు పడుతుంది). 700 నుంచి 2000 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) మధ్యలో వస్తే సరిపోయినట్టు, 2000 దాటితే మొక్క వాడుకోలేక కాండంలో దాచుకుందన్నమాట, మీ యూరియా ఎక్కువైంది. 250 కంటే తక్కువొస్తే ఆకలితో పండిందని. కల్చర్ వేసిన ముప్పాతిక పట్టీలో దిగుబడి బాగుండి కాండం నైట్రేట్ కూడా 700 పైనే ఉంటే ఇంకొంచెం తగ్గించి చూడొచ్చు.

చివర్లో మీరు గడ్డిమందుతో కలిపి స్ప్రే చేయొచ్చా అని కూడా అడిగారు కదా, వద్దు. కొన్ని మందులతో బతకొచ్చు, కొన్నిటితో చస్తాయి, పైగా మొలిచిన గడ్డికి మందు కొట్టేది ఆకుల మీద, ఎండలో, ఇవి పని చేయాల్సింది వేరు దగ్గర, తడిలో. ట్యాంకు కూడా ముందు రోజు కొట్టిన మందు వాసన పోయేదాకా కడిగాకే కల్చర్ పోయండి. ఇక ఒకసారి మూత తీసిన బాటిల్ ని వచ్చే సీజన్ కి దాచొద్దు, మిగిలితే కూరగాయల మళ్ళలోనో పశువుల ఎరువు మగ్గిన కుప్ప మీదో పోసేయండి.